నాన్న బతికిన నాలుగేళ్ళు

బామ్‌గోల్,
1977 జూలై

ఇన్‌సుక్ నాన్నగారికి,

మీ ఉత్తరం చేరింది. ఆ సౌదీ ఎండకు ఇనుప రేకు మీద గుడ్డు కొడితే పొయ్యి లేకుండానే ఉడికిపోతుందని రాశారు. చదివి ఇన్‌సుక్ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం మీ బట్టతల గుర్తొచ్చింది. తడిగుడ్డ చుట్టుకోకుండా పరంజా ఎక్కకండి. ఇక్కడ మాకు ఎండ మొహం చూసే భాగ్యం లేదు. వాన పట్టిందంటే వదలడం లేదు. మిరప మళ్ళలో నీళ్ళు నిలిచి మొక్కలు వేరుకుళ్ళు తగిలి వాలిపోతున్నాయి. ఊరందరి ఏడుపూ అదే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. కాగితం ముందేసుకు కూర్చోవడం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోవడం, కొన్నాళ్ళుగా ఇదే నా వరస. కానీ మీరు ఈ ఇంటికి ఇల్లరికం వచ్చినప్పటినుంచీ మా నాన్న తద్దినాలకు కొడుకు స్థానంలో నిలబడి దణ్ణాలు పెడుతున్నారు. మీకు చెప్పకుండా దాచుకుంటే తప్పవుతుంది.

మంచూరియాలో జపాను సైన్యం మీద పోరాడి పోయిన మా నాన్న నమ్ జేగ్యు కథ సియోల్ వాళ్ళు సినిమా తీస్తున్నారని మీరు ప్రయాణమయ్యే ముందే అనుకున్నాం గదా. అది మన పట్నానికి వచ్చింది. మా వంశానికి పెద్దదిక్కు డోక్‌మాన్ చిన్నాన్న ఊరందరికీ బస్సు మాట్లాడాడు. నాన్నకు తమ్ముడి వరస కాబట్టి, సినిమా వాళ్ళకు ఊరి కబుర్లన్నీ చెప్పింది తానే కాబట్టి, ఆయన నడకే మారిపోయింది. అమ్మ తెల్ల నారబట్టలకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకుంది. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, పెళ్ళికూతురిలా కిటికీ పక్కన కూర్చుంది. పక్కింటి బోక్‌సిల్ వదిన ఊరుకుంటుందా?

"ఏం అత్తా, ఇంత సోకు చేసుకున్నావు? మొగుణ్ణి చూడ్డానికి పోతున్నావా?"

"పోవద్దూ మరి! పోయి నలభై ఏళ్ళాయె. ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావయ్యా అని నిలదీయాల్సిన పనుంది," అంది అమ్మ. బస్సంతా నవ్వు.

సినిమా నాన్న మహా పుష్టిగా ఉన్నాడు. ఆ భుజాలు మన గుమ్మంలో పట్టవు. గుర్రం ఎక్కి మంచులో వస్తుంటే పిల్లలు ఈలలు, ముసలాళ్ళు చప్పట్లు. ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టంలో హాల్లో ముక్కు చీదని మనిషి లేడు. నేనూ ఏడ్చాను, అమాయకంగా. ఆ తరువాత వచ్చింది అసలు సంగతి. తెర మీద మా అమ్మ. దొరసాని ముక్కు, రంగు పెదాలు. పోలీసు దొర వచ్చి, నీ మొగుడు చచ్చాడని ఊరికి చాటితే పొలం రాసిస్తానంటాడు. ఆవిడ తల వంచుకుని సరేనంటుంది. మొగుడు బతికే ఉన్నాడని ఆవిడకు తెలుసు! తెలిసే అతని చొక్కా పట్టుకుని ఇంటి కప్పు ఎక్కుతుంది. మన ఆచారం ప్రకారం చచ్చినవాడి ప్రాణాన్ని పిలిచినట్టు ఉత్తరం దిక్కుకు తిరిగి ఆ చొక్కా ఊపుతూ "తిరిగి రా! తిరిగి రా! తిరిగి రా!" అని మూడుసార్లు కేక వేస్తుంది. కిందికి దిగి పోలీసు దొరతో కూర్చుని భోంచేస్తుంది. హాలు హాలంతా లేచి తిట్టింది. "థూ, ముండా!" అని ఎవరో పండు టెంకేదో తెర మీదికి విసిరారు. అక్కడ మంచూరియాలో ఆ కబురు విన్న నాన్న నవ్వి, "ఒకసారి చచ్చినవాణ్ణి ఇంకెవరు చంపుతారు?" అంటాడు. దానికి మళ్ళీ చప్పట్లు. తరువాత నాలుగేళ్ళు ఎన్నో యుద్ధాలు చేసి, పక్కన తుపాకి పట్టిన ఒక పడుచు ఏడుస్తుండగా, ఆకులు రాలే కాలంలో ప్రాణం వదులుతాడు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు, నేను తప్ప.

ఆ అంత్యక్రియలు నాకు బాగా గుర్తు. ఏడేళ్ళ పిల్లని. గోనెలాంటి ముతక నారబట్ట కట్టి, నడుముకు గడ్డితాడు బిగించి, నన్ను ఖాళీ పాడె ముందు కూర్చోబెట్టారు. నాన్న మంచూరియాలో గుండు తగిలి పోయాడన్నారు. శవం దొరకలేదు కాబట్టి బట్టలే పాతిపెడుతున్నామన్నారు. ఐగో ఐగో అని నా గొంతు పోయేదాకా ఏడ్చాను. ఆ ఏడుపే నాన్నకూ నాకూ మిగిలిన చుట్టరికం. ఆ తేదీకే ఇన్నేళ్ళూ తద్దినం పెడుతున్నాం. ఇంటికి రాగానే అడిగేశాను.

"అమ్మా, నన్ను ఏడిపించిన రోజున నాన్న బతికే ఉన్నాడా?"

అమ్మ చెప్పులు విప్పి గుమ్మం పక్కన సర్దింది. "బతికే ఉన్నాడు," అంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

అంతే. ఎందుకని అడిగితే లోపలికి పోయి పడుకుంది. దొంగ ఏడుపుకు నన్ను వాడుకుందండీ మా అమ్మ. సినిమా వాళ్ళు కల్పించారని కసరలేదు, కాదని ఒట్టు పెట్టుకోలేదు. ఆ రోజు నుంచీ ఆమెకు కంచం పెడుతున్నాను గానీ ఎదురుగా కూర్చుని తినలేకపోతున్నాను.

మీరు ఏమంటారో రాయండి.

మీ
ఇన్‌సుక్ అమ్మ

* * *

బామ్‌గోల్,
జూలై ఆఖరు

ఇన్‌సుక్ నాన్నగారికి,

"అత్తయ్య అలాంటి మనిషి కాదు, తొందరపడకు" అని మీరు రాశారు. మీరు ఆవిడకు అల్లుడు. అల్లుళ్ళకు అత్తలెప్పుడూ మంచివాళ్ళే, కోడిని కోసి పెడతారు గనుక. ఇక్కడుండి పడేదాన్ని నేను.

ఊరు మొహం తిప్పుకుంది. బోక్‌సిల్ వదిన మొన్నటిదాకా మన బావి దగ్గరే బట్టలుతికేది, ఇప్పుడు చుట్టు తిరిగి వాగుకు పోతోంది. సోయా పచ్చడి జాడీ ఇమ్మని ఇన్‌సుక్‌ను పంపితే జాడీ ఖాళీ లేదని చెప్పించింది. బడి పిల్లలు సాయంత్రం మన గుమ్మం ముందు ఆగి, "తిరిగి రా! తిరిగి రా!" అని అరిచి పారిపోతున్నారు. ఒకణ్ణి పట్టుకుని చెవి మెలేశాను. వాడి తల్లి వచ్చి, "చెవులు కాదు, సిగ్గుంటే మీ అమ్మ నోరు మెలెయ్యి" అని దులిపిపోయింది. ఇన్‌సుక్‌ను బడిలో "ఎవరి మనవరాలివే నువ్వు, వీరుడికా, ఆవిడకా?" అని అడిగారట. అదొచ్చి చాపమీద పడి ఏడ్చింది.

ఇది చాలదన్నట్టు స్మారక శిల వ్యవహారం. ఆగస్టు పదిహేను విమోచన దినానికి వంతెన దగ్గర నాన్నకు రాయి నిలబెడుతున్నారు. జిల్లా అధికారులు వస్తారు, సినిమాలో వేసినాయన కూడా వస్తాడంటున్నారు. డోక్‌మాన్ చిన్నాన్న నన్ను పిలిపించాడు. పొగాకు నలుపుతూ నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"రాయి మీద పక్కన భార్య ఇంటిపేరు చెక్కడం పద్ధతి. కానీ కమిటీలో కుర్రాళ్ళు ఒప్పుకోవట్లేదు అమ్మాయ్. మీ అమ్మ ఆ రోజు అక్కడికి రాకపోతే అందరికీ మర్యాదగా ఉంటుంది."

"మీకు తెలిసే చెప్పారా చిన్నాన్నా, సినిమా వాళ్ళకు, నాన్న బతికుండగానే కర్మ చేశారని?"

"చెప్పాను. అంతవరకే చెప్పాను. పొలం, దొర, భోజనం, అవన్నీ వాళ్ళు అల్లుకున్నవి."

"ఆ అంతవరకు నిజమేగా?"

"నిజమే," అన్నాడాయన. చాలాసేపు పొగాకు నలుపుతూనే ఉన్నాడు.

సరే అని వచ్చేశాను. అమ్మ పేరు వద్దన్నా నేను ఎదురు చెప్పలేదు. మీకు కోపం వస్తుందని తెలుసు.

ఇప్పుడు అసలు వింత వినండి. ఇంత జరుగుతుంటే ఈ ముసలావిడ పొద్దున్నే అన్నం తిని, గొడుగు పట్టుకుని మాయమైపోతోంది. గుడికి పోతున్నానంది ఒకరోజు, మోకాలి సూదుల వైద్యుడి దగ్గరికి అంది ఇంకోరోజు. సూదులు పొడిపించుకున్న మనిషి బస్సు దిగి పరుగులాంటి నడకతో వస్తుందా? అనుమానం వచ్చి వెనకాలే పట్నం వెళ్ళాను. ఎక్కడికనుకున్నారు? సినిమా హాలుకు! బడుల పిల్లల్ని వరసబెట్టి తెచ్చి చూపిస్తున్నారు కాబట్టి ఆ సినిమా హాల్లోంచి ఇంకా ఎత్తెయ్యలేదు. గేటు దగ్గర మనిషి ఆమెను చూసి, "రా అవ్వా, నీ కుర్చీ ఖాళీగానే ఉంది" అన్నాడు. రోజూ వస్తోందన్నమాట.

నేనూ లోపలికి వెళ్ళాను. కప్పు మీద కేక వేసే ఘట్టం. పిల్లలు, టీచర్లు, వేరుశెనగలు నములుతున్న ఆడంగులు, అందరూ కలిసి మా అమ్మను తిడుతున్నారు, మా అమ్మ పక్కనే కూర్చుని. పక్కావిడ అయితే అమ్మ మోచేతిని పొడిచి, "చూడవ్వా, ఇట్టాంటి దాన్ని కొరివితో కాల్చాలి కదూ?" అంది. అమ్మ "అవునమ్మా" అని తల ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్క పట్టుకుని లేపాను.

"లే. సిగ్గులేదూ నీకు?"

"ఉండవే. ఇప్పుడే మంచి భాగం వచ్చేది."

"మంచి భాగమా?"

"అబ్బ, కూర్చో. వెనకవాళ్ళకు అడ్డం."

బయటకు లాక్కొచ్చాను. బస్టాండు దాకా చంటిపిల్లలా మొరాయించింది. మతి పోయిందా, తన మీద తనకే కసా, నాకు అర్థం కాలేదు. తిట్లు పడటంలో కూడా రుచి ఉంటుందా? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఈవిడ ఆ రోకలిని వెతుక్కుంటూ బస్సెక్కుతోంది.

నేనొక నిర్ణయానికి వచ్చాను. విమోచన దినం దాటేదాకా అమ్మను పోహాంగ్‌లో పిన్ని ఇంటికి పంపించేస్తాను. పిన్నికి కబురు పెట్టాను. దాటిన తరువాత కూడా వెనక్కి తీసుకురావాలో వద్దో నాకు తెలియడం లేదు. కన్నతల్లిని గురించి ఇలా రాయకూడదు, కానీ మీకు కాక ఎవరికి రాసుకోను?

మీ
ఇన్‌సుక్ అమ్మ

* * *

బామ్‌గోల్,
ఆగస్టు, విమోచన దినం మరునాడు

ఇన్‌సుక్ నాన్నగారికి,

ఈ ఉత్తరం చదివాక ఎవరికీ చూపించకండి. మీ మేస్త్రీ స్నేహితులకు కూడా చెప్పకండి. వాళ్ళు మన జిల్లావాళ్ళే.

పోహాంగ్ పంపడానికి అమ్మ బట్టలు మూట కడుతున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. పోనంటుందని నేను గొడవకు సిద్ధపడి ఉన్నాను. ఆమె వేరే అడిగింది.

"ఏమే, సినిమా వాళ్ళు అబద్ధం తీస్తే ప్రభుత్వం ఊరుకోదు గదా? చూసి, ఒప్పుకున్నాకే గదా వదిలేది?"

"నీ గురించి తీసింది అబద్ధమా ఏంటి? నువ్వే ఒప్పుకున్నావుగా."

"నా గురించి కాదే. నా గొడవ ఎవడికి కావాలి. మీ నాన్న... ఆకులు రాలే కాలందాకా ఉన్నాడని, ఆ మీదటి సంవత్సరాలన్నీ ఉన్నాడని చూపించారు గదా. అది నిజమే అయి ఉంటుంది గదా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదండీ. మూట వదిలేశాను. అప్పుడు చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను.

"ఆ శీతాకాలం మీ నాన్న మంచూరియాలో లేడే. సరిహద్దు ఏటి మీద మంచు దాటి వచ్చాడు, ఏదో పనిమీద. సోల్జే కనుమ కింద బొగ్గుబట్టీ గుడిసెలో దాక్కున్నాడని ఉప్పు అమ్మే ఆవిడ చెవిలో ఊదిపోయింది. చెప్పులు అరిగి ఊడిపోయినై. వేళ్ళు నల్లబడినై. తిని ఎన్నాళ్ళయిందో. నేనేం చెయ్యను? జపానోళ్ళ పోలీసు జవాను మన అరుగు మీదే కాపలా కూర్చున్నాడు. మీ తాతను అప్పటికే పట్టుకెళ్ళి కుళ్ళబొడిచారు. నేను కుండ పట్టుకుని నీళ్ళకు పోయినా కుండలో చెయ్యి పెట్టి చూసేవాడు. ఒక్క ముద్ద గడప దాటే దారి లేదు. రెండ్రోజులు చూశా. మూడో రోజు ఉప్పావిడ చేత జవాను ముందే చెప్పించా, మీ ఆయన మంచూరియాలో గుండు దెబ్బకు పోయాడని ఏటి దగ్గర అనుకుంటున్నారమ్మా అని. ఆ కేకలు, ఆ గుండెలు బాదుకోడం, అన్నీ చేశా. నిన్ను కూడా ఏడిపించా. నువ్వు నిజంగా ఏడవకపోతే వాడు నమ్మడే."

"కప్పు ఎందుకెక్కావు? ఆ కేక వేరేవాళ్ళు కదా వేసేది?"

"నా గొంతయితేనే ఆయన గుర్తుపడతాడు. కొండ మీదికి వినపడాల. మనోళ్ళు చావు కేక వేశాక ఏం చేస్తారు? చెప్పు."

నాకు తెలుసు. మీకూ తెలుసు. ప్రాణాన్ని పట్టుకెళ్ళడానికి ముగ్గురు యమదూతలు వస్తారని, గుమ్మం బయట మూడు గిన్నెల అన్నం, మూడు జతల కొత్త గడ్డిచెప్పులు పెడతాం. చచ్చినవాణ్ణి మెల్లగా నడిపించుకుపొమ్మని వాళ్ళకు లంచం. ఆ అన్నం కుక్కలు ముట్టాలే గానీ మనిషన్నవాడు ముట్టడు. దానివైపు చూడటం కూడా అరిష్టమని జవాను మొహం తిప్పుకుని కూర్చున్నాడట.

"సందెవేళ పెట్టా. గిన్నెలు కాస్త దూరంగా, విరిగిన కంచె పక్కన. మంచు మొదలైంది. పొద్దున్న చూస్తే మూడు గిన్నెలూ నాకినట్టున్నై. ఒక జత చెప్పులు లేవు. మిగిలిన రెండు జతలూ కాల్చేశా. లేని జత కుక్కలు లాక్కుపోయాయని చెప్పా. అడుగుల మీద మంచు పడిపోయింది, ఆయనో, కుక్కో, ఎవడైనా బిచ్చగాడో, నాకేం తెలుసు?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? జపానువాళ్ళు పోయాకైనా?"

అమ్మ తన పాదాలు చూసుకుంది. "ఏ ఆడదన్నా మొగుడి కాళ్ళకు యమదూతల చెప్పులు తొడుగుతుందటే? ఆ ఏడు పోయింది, మరుసటేడు పోయింది, దేశం మన చేతికి వచ్చింది, ఆయన రాలేదు. నేనే తొడిగి పంపించా కదా, ఆ దారినే పోయాడు అనుకున్నా. తద్దినం పెట్టినప్పుడల్లా ఆ మాటే. ఎవరితో చెప్పుకోను? నలభై ఏళ్ళే. సినిమాలో చూశాక తెలిసింది, ఆ తరవాత నాలుగేళ్ళున్నాడని! ఒళ్ళు చేశాడు కూడా, చూశావా, ఆ బుగ్గలు? గుర్రం ఎక్కాడు. ఎవరో పిల్ల కూడా తోడుంది, పోనీ, చలిలో ఒకరుండాలిగా. నన్ను తిడితే తిట్టుకోనీ. నా అన్నం తిని నాలుగేళ్ళు బతికాడే ఆయన."

అందుకు వెళ్ళేదండీ రోజూ. తన మీద పడే తిట్లు దాటుకుని ఆ రెండో సగం చూడటానికి. నేను మూట విప్పేశాను. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు తడుతూ, "ఊరుకో, అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అంది. చాలా రోజుల తరువాత ఒక బల్ల దగ్గర తిన్నాం.

ఆ వెంటనే డోక్‌మాన్ చిన్నాన్న ఇంటికి పరిగెత్తాను. ఊరు వినేలా అరవాలనే వెళ్ళాను. ఆయన అరుగు మీద గోళ్ళు తీసుకుంటున్నాడు. అంతా చెప్పాను, అన్నం సంగతి, చెప్పుల సంగతి.

"సినిమా ఎట్లాగూ తీసేశారు. రాయి మీద అయినా నిజం ఉండాలి చిన్నాన్నా. అమ్మ పేరు చెక్కించండి. ఆ రోజు పెద్దలందరి ముందూ నేనే మైకులో చెప్తాను, మా అమ్మ ఏం చేసిందో."

ఆయన కత్తెర కింద పెట్టాడు. "ఏ చెప్పులన్నావ్?" అన్నాడు.

"యమదూతలకు పెట్టిన గడ్డిచెప్పులు. ఒక జత నాన్న తీసుకున్నాడు."

"కూర్చో గాప్సున్."

"కూర్చోను. చెప్పండి, చెక్కిస్తారా లేదా?"

"నిజం కావాలంటే సగం ఇవ్వలేనమ్మా నేను. మొత్తం మొయ్యగలిగితే చెప్తా." ఆయన ఏడుస్తున్నాడని అప్పుడు చూశాను. "నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మీ ఇంట్లో చావు జరిగిన రెండోనాడు మా నాన్నా నేనూ బొగ్గు కోసం సోల్జే కనుమ ఎక్కాం. పైన పెద్ద పైన్ చెట్టుకు ఆనుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఒళ్ళో మంచు. మీ నాన్నే. కొయ్యబారిపోయాడు. రొమ్ము దగ్గర గుడ్డలో చుట్టి అన్నం ముద్ద ఉంది, రాయిలా గడ్డకట్టి. దారికని దాచుకున్నట్టున్నాడు. కాళ్ళకు కొత్త చెప్పులు. ఈ స్థితిలో మనిషికి ఇంత కొత్త చెప్పులు ఎవరిచ్చారా అని మా నాన్న అన్నాడు, నాకింకా గుర్తే."

నాకు ఏడుపు రాలేదు. కూర్చోనన్నదాన్ని అరుగు మీద కూర్చున్నాను.

"నేల గడ్డకట్టి తవ్వుడు పడలేదు. రాళ్ళు పేర్చాం. బయటపెడితే మీ ఇల్లంతా ఉరికంబం ఎక్కేది, చచ్చాడని చెప్పింది అబద్ధమని తేలిపోయేది. ఎవరికీ చెప్పనని మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. దేశం వచ్చాక చెబుదామనుకున్నా. అప్పటికే ఊరంతా మంచూరియా వీరుడంటోంది, బడిలో పాఠం చెప్తున్నారు. సినిమా వాళ్ళు చావు ఎట్లా అని అడిగారు. ఇంటి వెనక కొండ మీద చలికి చచ్చిపోయాడంటే ఎవరు చూస్తారమ్మా? యుద్ధంలో పోయాడన్నాను. ఆ సంవత్సరం వాళ్ళే వేసుకున్నారు."

"అయితే ఆ నాలుగేళ్ళు..."

"లేవు."

 లోపల ఆయన భార్య ఏదో దంచుతున్న చప్పుడు. మింగలేక కక్కలేక అంటారే, అది మాటవరసకు అనుకునేదాన్ని. అమ్మ మీద పడ్డ మచ్చ తుడవాలంటే నాన్న ఊరికి వచ్చాడని చెప్పాలి. వచ్చాడంటే ఎక్కడికి పోయాడంటారు. ఒక అబద్ధం లాగితే రెండోది ఊడి వస్తుంది. అమ్మ నలభై ఏళ్ళు దేనికి భయపడిందో అచ్చంగా అదే జరిగిందని ఆమె చెవిన పడుతుంది. ఆ చెప్పులతోనే, ఆ వారంలోనే.

చిన్నాన్నే ముందు నోరు విప్పాడు. "నువ్వు చెప్పమంటే చెప్తా. మైకులో చెప్తా. నాకింకెన్నాళ్ళు బతుకు."

"వద్దు," అన్నాను. "సినిమాలో ఉన్న తేదీనే చెక్కించండి."

"మీ అమ్మ పేరు?"

"పేరు చెక్కితే ఎందుకని అడుగుతారు. వద్దు."

నేనే అన్నానండీ ఆ మాట, నా నోటితో. ఇంటికి వస్తుంటే బోక్‌సిల్ వదిన ఎదురొచ్చి పక్కకు తప్పుకుంది. ఆమె జుట్టు పట్టుకుని నిజం చెవిలో పోయాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

నిన్న రాయి నిలబెట్టారు. అమ్మను పంపలేదు, తీసుకెళ్ళాను. కుర్రాళ్ళు గొణిగారు. చిన్నాన్న ఒక్క చూపు చూస్తే నోళ్ళు మూతపడ్డాయి. సినిమా నాన్న నల్లకారులో వచ్చాడు, నిజంగానే బాగా ఒళ్ళున్న మనిషి. అమ్మ వెనక వరసలో నిలబడి అతన్నే చూస్తూ, "అన్నం బాగా తింటాడు" అంది మురిసిపోతూ. జనం వెళ్ళిపోయి, బాజాలవాళ్ళు కూడా సర్దుకున్నాక రాయి దగ్గరికి నడిపించమంది. అమ్మకు అక్షరాలు రావు. వేళ్ళతో ఆ గీతల్ని తడిమింది.

"ఇది ఆయన పేరా?"

"అవును."

"పోయిన రోజు ఉందా?"

"ఉందమ్మా."

"చదువు."

చదివాను. పంతొమ్మిది వందల నలభై ఒకటి, శరత్కాలం, తొమ్మిదో నెల.

అమ్మ రాయి ముందు చాప లేకుండానే కూర్చుంది. జుట్టుముడి విప్పేసి ఐగో అని ఎత్తుకుంది. ఆ గొంతు వంతెన అవతలికి వినిపించి ఉంటుంది. ఆ ఏడాది నుంచీ ఆమె ఒక్కసారైనా నిజంగా ఏడవలేదని నాకు అప్పుడు తెలిసింది. బతికే ఉన్నాడేమో అన్న అనుమానంతో ఎవరు మాత్రం ఏడవగలరు? చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆయన పక్కన ఇంకేమన్నా రాశారా?" అంది.

"లేదమ్మా."

"పోనీలే. ఆ రోజు ఇంకోసారి చదువు."

చదివాను.

ఇకనుంచి తద్దినం తొమ్మిదో నెలలో పెడదామంటోంది. సరేనన్నాను. పాత తేదీకి ఈ ఇంట్లో ఏమీ చెయ్యడానికి వీల్లేదు, కనుమ మీది రాళ్ళ దగ్గరికి నేను వెళ్ళినా ఎందుకని అడుగుతుంది. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. పన్నెండో నెలలో, పాత తద్దినం దాటిన రెండో రోజు, పని నుంచి వచ్చాక మీ గదిలో ఒక గిన్నెలో వేడి అన్నం పెట్టండి. తూర్పుకు తిరిగి మా నాన్నకు రెండు దణ్ణాలు పెట్టండి. అన్నం ఎవరూ చూడకుండా మీరే తినండి, చల్లారనివ్వకండి.

మీ
ఇన్‌సుక్ అమ్మ